సెల్ అంటే చిన్న గది

ఫరీదాబాద్‌లో ఇండియన్ ఆయిల్ సంస్థ పరిశోధన కేంద్రం ఉంది. ఆ సంస్థ 2023 సెప్టెంబరు 25న ఢిల్లీలో ప్రారంభించిన హైడ్రోజన్ బస్సును నడిపేది ఫ్యూయెల్ సెల్. హైడ్రోజన్, ఆక్సిజన్ అందులో కలిసి విద్యుత్తును ఇస్తాయి, నీరు మిగులుతుంది. అదే ఊళ్ళోని రీజనల్ సెంటర్ ఫర్ బయోటెక్నాలజీలో శాస్త్రజ్ఞులు పరిశీలించేదీ సెల్‌నే. తెలుగులో రాయబోతే మొదటిది ‘ఘటం’, రెండవది ‘కణం’. ఒకే మాటకు ఇన్ని అర్థాలెలా వచ్చాయి?

లాటిన్‌లో ‘కెల్లా’ అంటే చిన్న గది, సామాను దాచే కొట్టు. రోమన్ ఆలయాల్లో విగ్రహం ఉండే లోపలి గదినీ అలాగే పిలిచేవారు. క్రైస్తవ సన్యాసుల గదులకూ, తేనెపట్టులోని అరలకూ, తర్వాత జైలు గదులకూ అదే పేరు పాకింది.

1665లో రాబర్ట్ హుక్ సీసా బిరడాలకు వాడే బెండును పలుచని పొరగా కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. తేనెపట్టులా అరలు కనిపించాయి. వాటికి ‘సెల్స్’ అని పేరు పెట్టి, ఘనపు అంగుళంలో దాదాపు 126 కోట్లు ఉంటాయని లెక్క కట్టాడు! నిజానికి ఆయన చూసినవి ఖాళీ గోడలే. లోపలి జీవపదార్థం ఎప్పుడో పోయింది. 1838లో ష్లైడెన్ మొక్కలన్నీ, 1839లో ష్వాన్ జంతువులు కూడా సెల్స్‌తోనే నిర్మితమయ్యాయని చెప్పారు. జంతువుల సెల్‌కు గోడే లేదు. అయినా గది పేరు నిలిచిపోయింది.

1836లో డేనియల్ చేసిన విద్యుత్ సెల్‌లో రాగి పాత్ర, దాని లోపల సూక్ష్మరంధ్రాల మట్టి పాత్ర, అందులో జింకు కడ్డీ ఉండేవి. కుండ అనే అర్థమున్న ‘ఘటం’ దానికి చక్కగా అమరింది. ‘కణం’ సంగతి వేరు. సంస్కృతంలో కణమంటే నూక, రేణువు. అందులో గది లేదు, బోలుతనమూ లేదు. హిందీవారు ‘కోశిక’ అన్నారు. కోశమంటే ఒర, భాండారం. హుక్ ఉద్దేశానికి అదే దగ్గర.

పైగా మనకు ప్రోటాన్ కూడా కణమే! ఎర్ర రక్తకణం వ్యాసం ప్రోటాన్ వ్యాసానికి 400 కోట్ల రెట్లకు పైనే. ‘కణ భౌతికశాస్త్రం’, ‘కణ జీవశాస్త్రం’ పక్కపక్కన చూసిన విద్యార్థి తికమక పడితే తప్పు అతనిది కాదు. పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయిన మాటను ఇప్పుడు పెరకలేం గానీ, సందేహం వచ్చే చోట ‘జీవకణం’ అని పూర్తిగా రాయవచ్చు. ఫ్యూయెల్ సెల్‌ను మాత్రం ‘ఇంధన కణం’ అనకూడదు. చదివినవారికి బొగ్గు నలుసు గుర్తొస్తుంది. ‘ఇంధన ఘటం’ అంటే సరిపోతుంది.

ఇక సెల్‌ఫోను. ఊరిని షడ్భుజాలుగా విభజించి, ఒక్కో అరకు ఒక్కో ప్రసార కేంద్రం పెట్టాలన్న ఆలోచన 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టింది. మళ్ళీ తేనెపట్టే! మన దేశంలో తొలి మొబైల్ సంభాషణ 1995 జులై 31న కలకత్తా, ఢిల్లీల మధ్య జరిగింది. తెలుగువారు అనువాదం కోసం ఆగకుండా ‘సెల్లు’ అనేశారు. దాని లోపల ఉండేది మాత్రం లిథియం ఘటం.