గాలివానకు ముందటి అయిదు దినములు

కలికిరి చెరువుకట్ట మీద ఆడి పెరిగిన మావంటివారికి, బంగాళాఖాతమున వాయుగుండ మేర్పడినదన్న మాట చెవిని బడినపుడు కలుగునది సంతోషమే. కార్తె వెంబడి కార్తె ఒట్టిదై పోయి, చేలలో వేరుశనగ వాడి, బావిలో మోటారు నీటికి బదులు గాలి పీల్చుచున్న దినములలో, ఆకాశవాణిలో "నెల్లూరుకు ఆగ్నేయంగా" అని వినబడినంతనే మా పెద్దలు తూర్పు దిక్కునకు దిరిగి చేతులు మోడ్చుట నేను కన్నులార చూచితిని. కోస్తావారికి గండమై వచ్చునది మా పడమటి మండలములకు చెరువు నింపు వరమై వచ్చుచుండెను. ఒకరి ప్రాణము దీయు గాలియే మరియొకరి పైరు నిలుపుచున్నదని యోచించు వయస్సు నాకప్పుడు లేదు. 2017 ఆగస్టులో హార్వీ అను హరికేను హ్యూస్టను నగరమును ముంచినపుడు, ఊరినుండి మా అమ్మ ఫోను చేసి, నేను క్షేమమని విన్న పిమ్మట, "అంత వానంట గదా నాయనా! దాంట్లో సగం మనకిచ్చినా చెరువు మరవ పోయుండునే" అనెను. నాకామెపై కోపము రాలేదు. వాకిటి మెట్లలో మూడవదానిని కప్పిన నీటిని చూచుచు, ఆమెకు ఏమి చెప్పవలెనో తోచక కొంతసేపు ఊరకుంటిని. ఆనాడు చెప్పలేకపోయినదానిని ఇప్పుడు ఆమెకును, ఆమెవంటి మీకును చెప్పదలచితిని.

ఈ దేశచరిత్రను అధ్యక్షుల పేళ్లతోను, యుద్ధముల పేళ్లతోను చెప్పువారు పెక్కురు కలరు. ఇరువదియేండ్లకు పైబడి టెక్సాసు రాష్ట్రమున కాపురమున్న నాకు మాత్రము, ఇచ్చటివారి పరిపాలనాచరిత్ర గాలివానల తేదీలలోనే సుబోధముగా వ్రాయబడి యున్నదని తోచుచున్నది. ఒక్కొక్క గాలివాన వచ్చి, ఎవరు ఎవరిని పిలువవలెను, ఎవరు పలుకవలెను అను ప్రశ్నను వీరి ముందుంచిపోయెను. ఒక్కొక్క మారు వీరు జవాబును శవముల నడుమ నిలిచి నేర్చుకొనిరి.

టెక్సాసు ఆగ్నేయపుటంచున గాల్వెస్టను అను ద్వీపనగరము కలదు. 1900 నాటికి అందు సుమారు 37,000 జనము. ప్రత్తి యెగుమతిచే ధనవంతమైన రేవు. ద్వీపమంతటిలో మిక్కిలి యెత్తయిన చోటును సముద్రమట్టమునకు తొమ్మిదడుగులు మించదు. అచ్చటి వాతావరణ కార్యాలయమున కధిపతియైన ఐజాక్ క్లైన్, తుపానువలన ఆ నగరమునకు మహోపద్రవము కలుగునను భయము వట్టి భ్రమయని 1891 లో ఒక వ్యాసమున వ్రాసియుండెను. హవానాలోని క్యూబా వాతావరణజ్ఞుల అంచనాలను వాషింగ్టను కార్యాలయము లక్ష్యపెట్టలేదు. 1900 సెప్టెంబరు 8వ తేదీ సాయంకాలము సముద్రము పదునైదడుగుల యెత్తున ద్వీపము నెక్కెను. 3,600 ఇండ్లు కూలెను. ఆరువేల కెక్కువగా, బహుశః ఎనిమిదివేల దాక, జనులు గతించిరి. భ్రమయని వ్రాసిన క్లైనే ఆ రాత్రి తన భార్యను కోల్పోయెను.

అందులో ఒక్క సంగతి చదివిననాటి నుండి నన్ను వదలలేదు. సముద్రపుటొడ్డున సెయింట్ మేరీ అనాథాశ్రమము కలదు. అందు పదిమంది సన్యాసినులు, తొంబదిముగ్గురు పిల్లలు. నీరు పైకెక్కుచుండగా ఆ తల్లులు బట్టలారవేయు త్రాటిని ముక్కలు చేసి, ఒక్కొక్కరు ఆరేడుగురు పిల్లలను తమ నడుమునకు గట్టుకొనిరి. చేయి జారిపోకుండుటకు అది తప్ప వారికి వేరు సాధనము లేకుండెను. ముగ్గురు పిల్లవాండ్రు ఒక చెట్టును పట్టుకొని బ్రతికిరి. తక్కిన తొంబదిమందియు, ఆ పదిమంది తల్లులును గతించిరి; వారిలో కొందరు త్రాళ్లతోనే ఇసుకలో దొరికిరి. ముందుగా ఒక్కరు వచ్చి, "ఈ పిల్లలను నిన్ననే ఊరి నడిమికి తరలింపవలసినది" అని చెప్పుటకు బాధ్యుడైన మనుష్యుడు ఆనాటి వ్యవస్థలో ఎచ్చటను లేడు. క్లైన్ గుర్రపుబండిలో తీరము వెంబడి తిరిగి జనులను హెచ్చరించితినని చెప్పుకొనెను. ఆజ్ఞాపించు అధికారము మాత్ర మతనికి లేదు.

గాల్వెస్టనువారు ధైర్యహీనులు కారు. పదునేడడుగుల యెత్తు సముద్రపు గోడను కట్టిరి. సముద్రపు టిసుకను నీటితో గలిపి గొట్టములద్వారా పోయించి నగరమునే పైకెత్తిరి. మూడువేల టన్నుల సెయింట్ పాట్రిక్ దేవాలయమును వందలకొలది జాకీలతో అయిదడుగులు లేపిరి. 1915 లో అంతటి గాలివానయే తిరిగి వచ్చినపుడు ఆ గోడ నగరమును కాచెను. కాని గోడ గాల్వెస్టనుకు మాత్రమే చాలును. రాష్ట్రమంతటికి గోడ కట్టుట సాధ్యము కాదు. ఆపద వచ్చినపుడు ఊరిది ఊరికే, దానము దాతలదే అన్న పద్ధతి చాలకాలము సాగెను. 1900 లో సహాయము తెచ్చినవారిలో ముఖ్యురాలు, డెబ్బదియెనిమిదేండ్ల వయస్సుననున్న రెడ్‌క్రాసు క్లారా బార్టన్.

1979 లో అధ్యక్షుడు కార్టరు, ఆపదలలో సహాయము చేయుటకై ఫెమా అను జాతీయసంస్థను నెలకొల్పెను. 1988 లో స్టాఫర్డ్ చట్టము వచ్చెను. ఆ చట్టము మూలసూత్రమిది: రాష్ట్ర గవర్నరు, "ఇది మా శక్తికి మించినది" అని అడుగవలెను, అడిగిన పిమ్మట అధ్యక్షుడు పలుకవలెను. చూచుటకు సులభముగనే యున్నది. 1992 ఆగస్టు 24న ఫ్లోరిడాలోని హోమ్‌స్టెడ్ పట్టణమును ఆండ్రూ అను హరికేను తుడిచిపెట్టినపుడు, రాష్ట్రము సరియైన రీతిని అడుగలేదని వాషింగ్టనువారును, అడిగితిమని రాష్ట్రమువారును వాదించుకొనుచుండగా దినములు గడచెను. అణుయుద్ధపు సన్నాహములకే యెక్కువగా అలవాటుపడిన ఫెమాకు, పైకప్పులేని యింటిలో నీళ్లులేక యున్నవారి సంగతి తెలియలేదు. మూడవదినమున డేడ్ కౌంటీ అధికారిణి కేట్ హేల్ పత్రికలవారి యెదుట నిలిచి, సహాయసేన ఎక్కడ అని బహిరంగముగా నిలదీసెను. ఆ పిమ్మటనే సైన్యము కదలెను. ఒక ఉద్యోగిని తన పైవారినందరిని అట్లు అడుగుటకు ఎంత గుండెదిటవు వలయునో, తాలూకా కచ్చేరీలను చూచినవారము మన మెరుగుదుము. ఆ యవమానమునుండి పుట్టినదే రాష్ట్రములు ఒండొరులకు తోడ్పడు ఒడంబడిక. 1996 లో కాంగ్రెసు దానిని ఆమోదించెను. నేడు టెక్సాసునకు ఆపద వచ్చిన, మరియొక రాష్ట్రపు నర్సు ఇచ్చట వైద్యము చేయుటకు లైసెన్సు ప్రశ్న యడ్డురాదు. ఖర్చెవరిదో ముందే వ్రాసియుండును.

ఇక ఇచ్చటి యంత్రము నడచు తీరు వినుడు. టెక్సాసులో 254 కౌంటీలు కలవు. కౌంటీ యనగా మన తాలూకా, జిల్లాల నడిమి పరిమాణమనుకొనుడు. దాని పెద్దను కౌంటీ జడ్జి యందురు. పేరునకు న్యాయాధిపతియైనను జనులు ఓటువేసి యెన్నుకొన్న పరిపాలకుడు. ఆపదలో ఆ కౌంటీకి అతడే అధిపతి; ఊళ్లు ఖాళీ చేయుడని ఆజ్ఞాపించు అధికారమును అతనిదే, పట్టణములలో మేయరుది. తనకు చాలనిదానిని అతడు పై యధికారులను అడుగును. పైవారికి చాలనిది ఆస్టిను నగరమందలి రాష్ట్ర కేంద్రమునకు చేరును. అచ్చట ఒక్క పెద్ద గదిలో రోడ్లశాఖ, ఆరోగ్యశాఖ, నేషనల్ గార్డు, పడవలుగల వన్యప్రాణిశాఖ, రెడ్‌క్రాసు, అన్నియు ప్రక్కప్రక్కన కూర్చుండును. 2024 జూలైలో బెరిల్ అను హరికేను వచ్చునపుడు గవర్నరు ఆసియా పర్యటనలో నుండగా, లెఫ్టినెంటు గవర్నరు ఆ స్థానమున నుండి ఆజ్ఞలిచ్చెను. కుర్చీ ఒక్క గడియయు ఖాళీగా నుండరాదని నియమము.

నాకు మిక్కిలి నచ్చినది వారి కాలగణనము. హరికేను కేంద్రము ఎప్పుడు ఒడ్డుకు తగులునో అది వారికి ముఖ్యము కాదు. గంటకు 39 మైళ్ల గాలి తీరమును మొదట తాకు గడియను సున్నగా పెట్టుకొని, అచ్చటినుండి వెనుకకు లెక్కింతురు: నూటయిరువది గంటల ముందు ఏమి, డెబ్బదిరెండు గంటల ముందు ఏమి, నలువదియెనిమిది గంటల ముందు ఏమి. ఆ గాలి తగిలిన పిమ్మట బస్సు నడువదు, అంబులెన్సు రాదు, హెలికాప్టరు ఎగురదు. కావున మంచము పట్టిన ముదుసలిని ఆస్పత్రి దాటించుట, బస్సులను తెప్పించుట, పెట్రోలు నింపించుట, రహదారిపై రెండు దిక్కుల వరుసలను ఒకే దిక్కునకు మరల్చుట, ఇవన్నియు ఆకాశము నిర్మలముగా నున్నపుడే జరుగవలెను. ఎండ కాయుచుండగా ఇల్లు విడిచి పొమ్మని చెప్పుటయే ఈ పనిలో కష్టతమము. నడువలేనివారు, ఆక్సిజను మీద నున్నవారు తమ పేళ్లను ముందే రాష్ట్రపు పట్టికలో వ్రాయించుకొనవచ్చును. 211 అను నంబరునకు ఫోను చేసిన చాలును.

ఈ లెక్కకు చెల్లించిన మూల్యము 2005 నాటిది. కత్రినా అను హరికేను న్యూ ఆర్లియన్సును ముంచి నెల తిరుగకుండ రీటా అను మరియొకటి హ్యూస్టనువైపు వచ్చుచున్నదని వినగానే, పొమ్మన్నవారు పోవలదన్నవారు అను భేదము లేక 25 లక్షలకు పైగా జనులు రోడ్డెక్కిరి. నేనును ఎక్కితిని. నాలుగు గంటల దారిలో పందొమ్మిది గంటలు కూర్చుంటిని. ఎండ మండుచుండ, పెట్రోలు మిగులునని కారులో ఏ.సీ. ఆర్పివేసి, బిడ్డకు తడిగుడ్డ చుట్టితిమి. వరుసలు మరల్చుటకు ముందుగా ఏర్పాటు లేదు. డాలసు చేరువ విల్మరు వద్ద వృద్ధులను దీసికొని పోవుచున్న బస్సు తగులబడి, ఆక్సిజను సిలిండరులు పేలి, ఇరువదిముగ్గురు చనిపోయిరి. గాలివాన చివరకు తూర్పునకు మరలి లూసియానా సరిహద్దున తగిలెను. గాలివలన పోయినవారికన్న దానికి వెరచి పరువెత్తుటవలన పోయినవారే యెక్కువ, నూరుమందికి పైగా.

కనుకనే 2017 లో హార్వీ వచ్చినపుడు మేయరు సిల్వెస్టరు టర్నరు, ఆ ప్రాంతపు 65 లక్షల జనమును రోడ్డెక్కింపనని నిశ్చయించెను. గాలి తగిలిన రాక్‌పోర్టు పట్టణమున, కదలమని మొండికేసినవారిని తమ పేరు, సోషల్ సెక్యూరిటీ నంబరు చేతిపై చెరగని సిరాతో వ్రాసికొనుమని అధికారులు కోరిరి; శవమును గుర్తించుటకు. నెడర్లాండు పట్టణమున కురిసినది 60.58 అంగుళములు: మన మదనపల్లె, వాయల్పాడు ప్రాంతములలో రెండేండ్ల వాన నాలుగైదు దినములలో పడినదనుకొనుడు. హ్యూస్టను పడమట 1940వ దశకమున కట్టిన ఆడిక్స్, బార్కరు అను రెండు చెరువులు కలవు. ఎండిన చెరువు లోపల ఇండ్లు కట్టి అమ్మియుండిరి. చెరువు తన చోటు తాను అడిగెను. చెరువు పోరంబోకులో ఇల్లు కట్టరాదని చెప్పు కలికిరి ముసలివాని కున్న జ్ఞానము ఇంత చదివిన దేశమునకు లేకపోయినందుకు నా కెంతయో దుఃఖము కలిగెను. గవర్నరు పండ్రెండువేల నేషనల్ గార్డును పిలిచెను. లూసియానావారు తమ చేపలపడవలను ట్రెయిలర్లపై వేసికొని వచ్చిరి. మా వీధిలోనికి పడవ తెచ్చినవాడు పేరడుగనీయలేదు, కాఫీ త్రాగలేదు. ఆనాటి మేయరు నిశ్చయము తప్పని నేటికిని వాదించువారు కలరు. రీటాలో రోడ్డుపై బిడ్డతో గడిపిన నేను మాత్రము దానిని ఒప్పే యందును.

ఈ విద్య మనకు లేనిది కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి అధికారపు లెక్కచే పదివేలకు చేరువగా జనులు పోయిరి. 1990 మేలో అంతటి తుపానే వచ్చినను, ముందుగా లక్షలమందిని తరలించుటచే ఆ సంఖ్య వేయికి లోపుగనే నిలిచెను. ఆంధ్రదేశపు కలెక్టర్లు, తాసిల్దారులు ఆ పదమూడేండ్లలో నేర్చినది టెక్సాసు నూరేండ్లలో నేర్చినదానికి తీసిపోదు.

కాని ఆ విద్య కోస్తా దాటి మనవైపు రాలేదు. వాయుగుండము మనకు వరమే యనుకొను అలవాటు మనది. 2021 నవంబరులో మన కొండలపై కురిసిన వాన పించలో పడి, పించ ప్రాజెక్టు కట్ట తెగి, బాహుదా కలిసిన చెయ్యేటి మీదుగా పోయి, నవంబరు 19 తెల్లవారుజామున రాజంపేట యెగువ అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టను కోసివేసెను. దివిసీమ తేదీయే. పులపత్తూరు, మందపల్లె గ్రామములు నిద్దురలో నుండెను. మా అమ్మ కోరిన వానయే అది. చెరువులన్నియు మరవ పోయెను.

మన చెరువులకు పూర్వము నీరుగంటి యుండెడివాడు. గడ్డపార, లాంతరు చేతబట్టి వానరాత్రి కట్టపై తిరిగి, తూము చూచి, మరవ చూచి, నీరు మించిన ఊరిని లేపుట అతని వంతు. ఆ పని యెవరిదను ప్రశ్నయే ఊరిలో రాకుండెను. కౌంటీ జడ్జినిగూర్చి చదివినపుడెల్ల నాకు జ్ఞాపకము వచ్చునది ఆ లాంతరే.

పించ, బాహుదా, చెయ్యేటి గట్టుల వెంబడి నున్న నా సోదరులారా, వచ్చు గ్రామసభలో ఈ మూడు మాటలడిగి జవాబు వ్రాయించుకొనుడు: రాత్రి రెండు గంటలకు నీరు కట్ట నంటిన మన ఊరిని లేపువాడెవడు? అతడు ఫోను చేయవలసినది ఎవరికి? లేచిన ముసలివారు, పిల్లలు ఏ బడి మిద్దెకు, ఎవరి ట్రాక్టరుపై పోవలెను? ఆ పేళ్లను, నంబర్లను పంచాయతీ గోడపై పెద్ద అక్షరములతో, కార్తీకమాసము రాకముందే వ్రాయింపుడు.