వివాహ ధర్మము, రాజాధికారపు హద్దు: ఇందూరు సీమ చరిత్ర నుండి

వివాహం షోడశ సంస్కారాలలో ఒకటి. అగ్నిసాక్షిగా జరిగే ఆ సంస్కారంలో రాజుకు పాత్ర ఉన్నదా? ఉంటే అది ఎంతవరకు? ఈ ప్రశ్న ఆధునిక శాసనసభలలో పుట్టినది కాదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలు ఇందూరు సీమలో, నిజాం రాజ్యంలో ఉన్న కాలంలో ఈ చర్చకు ఒక విచిత్రమైన రూపం వచ్చింది. దానిని అర్థం చేసుకోవాలంటే ముందు శాస్త్రం ఏమి చెప్పినదో చూడాలి.

"వివాహం ధర్మవిషయం, అందులో రాజుకు పని లేదు" అనే మాట తరచుగా వినబడుతుంది. ఇది సగమే నిజం. మనుస్మృతి రాజు విచారింపదగిన పదునెనిమిది వ్యవహార పదాలను లెక్కించి, అందులో స్త్రీపుంధర్మాన్ని కూడా చేర్చింది. కౌటిల్యుడు ధర్మస్థీయాధికరణంలో ప్రత్యేక వివాదాలను వివాహంతోనే ఆరంభించాడు. వ్యవహారమంతా వివాహం నుండే మొదలవుతుందని ఆయన అభిప్రాయం. పరస్పర ద్వేషం ఉన్న దంపతులకు మోక్షం, అనగా వివాహబంధం నుండి విడుదల, కలదని చెబుతూనే, బ్రాహ్మాది ధర్మవివాహాలు నాలుగింటికి అది లేదని హద్దు గీశాడు. రాజు ఇంటి గడప బయటనే నిలిచిపోవాలని మన ప్రాచీనులు భావించలేదనడానికి ఇది చాలు.

అయితే అదే స్మృతులు రాజు చేతికి ఒక సంకెల కూడా వేశాయి. దేశధర్మం, జాతిధర్మం, కులధర్మం ఏమిటో తెలుసుకొని, వాటిని నిలబెట్టడమే రాజు కర్తవ్యం. రాజు ధర్మానికి కర్త కాడు, గోప్త. కొత్త వివాహవిధిని కల్పించే అధికారం ఆయనకు లేదు. మొర పెట్టుకొన్నవారి మాట వినే బాధ్యత మాత్రం ఉన్నది. ఈ రెండింటి నడుమ ఉన్న సన్నని దారియే తరువాతి వాదాలన్నింటికీ మూలం. రాజు వివాహంలోకి ప్రవేశించిన మరొక ద్వారం కూడా ఉన్నది, అది పన్ను. విజయనగర కాలపు శాసనాలలో పెండ్లి సుంకాన్ని ప్రజలకు మాఫీ చేసినట్లు కనబడుతుంది. మాఫీ చేశారంటే అంతకుముందు వసూలు చేశారనే కదా.

కామారెడ్డి నుండి హైదరాబాదు పోయే దారిలో ఉన్న బిక్కనూరు ఈ సందర్భంలో స్మరింపదగినది. పదునారవ శతాబ్దంలో అక్కడి పాలకకుటుంబానికి చెందిన కామినేని మల్లారెడ్డి షట్చక్రవర్తి చరిత్రము రచించాడు. రాజే కవియై, ఆదర్శరాజులు ఆరుగురి కథలను ఎన్నుకొన్నాడు. వారిలో హరిశ్చంద్రుడు, నలుడు ఉన్నారు. సాధకులు గమనించవలసినది ఏమనగా, ఈ ఇద్దరి పరీక్షా సింహాసనం మీద మాత్రమే జరగలేదు. ఒకరు భార్యను అమ్ముకోవలసి వచ్చినవారు, మరొకరు నిద్రిస్తున్న భార్యను అడవిలో విడిచిపోయినవారు. భారతంలోని నలకథలో భర్త జాడ తెలియని దమయంతికి ద్వితీయ స్వయంవరం జరుగుతుందని వార్త పంపితే, అయోధ్యాధిపతి ఋతుపర్ణుడు అది అసంభవమని అనలేదు. రథం సిద్ధం చేయించి బయలుదేరాడు. అది నలుని రప్పించడానికి పన్నిన ఉపాయమే అయినా, వినేవారు నమ్మదగినదిగా ఉంటేనే ఉపాయం ఫలిస్తుంది. భర్త కనబడకుండా పోయిన స్త్రీకి మరొక పతిని చెప్పిన పరాశర వచనాన్ని బెంగాలులో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు ఆధారంగా గ్రహించడం ఈ నేపథ్యంలో ఆశ్చర్యం కలిగించదు.

విద్యాసాగరుని కృషి 1856లో వితంతు పునర్వివాహ చట్టానికి దారితీసింది. కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరులో తొలి వితంతు వివాహం జరిపించాడు. చట్టం వచ్చి పాతికేళ్ళు గడచినా అటువంటి పెండ్లికి ఎంత సాహసం కావలసి వచ్చిందో ఆయన జీవితమే సాక్ష్యం. చట్టం అనుమతి ఇవ్వగలదు కాని పురోహితుని తీసుకురాలేదు, విందుకు బంధువులను కూర్చోబెట్టలేదు. 1891లో సమ్మతి వయస్సు చట్టం వచ్చినప్పుడు బాలగంగాధర తిలకుడు దానిని తీవ్రంగా ప్రతిఘటించాడు. ఆయన బాల్యవివాహాన్ని సమర్థించినవాడని అనుకోవడం తొందరపాటు. సంస్కర్తలు ముందుగా తమ పిల్లలకు ఆలస్యంగా వివాహం చేస్తామని తమకు తామే కట్టుబడవలెననీ, పరాయి ప్రభుత్వం చేతికి ఇంటి తాళం ఇవ్వరాదనీ ఆయన వాదం. ఆ వాదంలో బలమున్నది. 1929లో శారదా చట్టం ఆడపిల్లకు పదునాలుగు, మగవానికి పదునెనిమిది సంవత్సరాల కనీస వయస్సు విధించి 1930 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. ఈ నడిమి మాసాలలో బ్రిటిషిండియా అంతటా పసిపిల్లల పెండ్లిళ్ళు హడావుడిగా జరిగిపోయాయి. 1931 జనాభా లెక్కలు దాని గుర్తులను పట్టుకొన్నాయి. నిషేధం రాబోతున్నదని విని, నిషేధింపబడిన పనినే వేగంగా చేసిన జనమది.

శారదా చట్టం బ్రిటిషిండియాకు ఉద్దేశింపబడినది. కామారెడ్డి, ఎల్లారెడ్డి దాని పరిధిలో లేవు. అందువల్ల ఇక్కడ సంస్కారవాదులకు పోరాడవలసిన చట్టమూ లేదు, ఆశ్రయించవలసిన చట్టమూ లేదు. వారు సభలనే నమ్ముకొన్నారు. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కార సభకు అధ్యక్షుడు మహర్షి ధోండో కేశవ కర్వే. ఆయన స్వయంగా 1893లో ఒక వితంతువును వివాహమాడినవాడు. ఆ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా పరిహాసం ఎదురైంది. ఆ అవమానం నుండే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తెలంగాణలో తెలుగు ఉద్యమానికి తొలి అడుగు ఒక సంఘసంస్కార వేదిక మీద పడినదని చాలామంది మరచిపోతారు.

జనసంఘం ఆంధ్ర మహాసభగా రూపొంది, 1930 మార్చిలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో తొలిసారి సమావేశమైంది. జోగిపేట ఎల్లారెడ్డికి పొరుగున ఉన్న మెదకు సీమలోనిదే. దానితోపాటు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ కూడా జరిగింది. శారదా చట్టం అమలుకు కొద్ది వారాల ముందు, ఆ చట్టం చేరని నేల మీద, బాల్యవివాహాలు, వితంతు వివాహాలు, స్త్రీవిద్య చర్చకు వచ్చాయి. ఆరవ మహాసభ 1937లో ఇందూరులోనే, అప్పటికి నిజామాబాదుగా పిలువబడుతున్న పట్టణంలో, మందుముల నరసింగరావు అధ్యక్షతన జరిగింది. అక్కడి మహిళాసభకు నందగిరి ఇందిరాదేవి అధ్యక్షత వహించింది.

ఈ సభలకు అనుమతి సులభంగా దొరకలేదు. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తరువు ప్రకారం సభ జరపాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలి. రాజకీయ ప్రస్తావన రాకూడదన్న కట్టుబాటుకు లోబడవలసి వచ్చేది. ఒకే రాజ్యం పసిబాలిక పెండ్లిని చూచి కన్నులు మూసుకొన్నది, ఆ పెండ్లి తగదని నలుగురు కూడి మాట్లాడితే కన్నులు తెరిచింది. ఎల్లారెడ్డి సమీపాన మంజీరా మీద 1923లో మొదలుపెట్టి 1931 నాటికి నిజాంసాగరాన్ని నిర్మించిన ప్రభుత్వమది. దానికి శక్తి కొరవడలేదు. కుటుంబంలో జోక్యం చేసుకోకపోవడం వేరు, పరిమిత ప్రభుత్వం వేరు. మొదటిది నిజాం రాజ్యంలో ఉండినది, రెండవది లేదు.

జోక్యం లేని ఆ కుటుంబం ఎవరి కుటుంబం? తెలంగాణ దొరల గడీలలో ఆడబాప అనే ఆచారం ఉండేది. దొరబిడ్డ పెండ్లియై అత్తవారింటికి పోయేటప్పుడు ఆమెతోపాటు ఒక పేద ఆడపిల్లను దాసిగా పంపేవారు. ఆ పిల్లకు వివాహం లేదు, ఆమె బిడ్డలకు తండ్రి పేరు లేదు. ఒకే మంగళవాద్యాల నడుమ ఒకరికి సంస్కారం, మరొకరికి దాస్యం. కులధర్మమని చెప్పి దీనిని ఏ స్మృతిలో వెదకినా దొరకదు. అనాథకు రాజే రక్షకుడని చెప్పిన శాస్త్రాన్ని ఇక్కడ రాజూ పాటించలేదు, దొరా పాటించలేదు. "ఇంటి విషయంలో రాజు వద్దు" అన్న మాట వాస్తవంగా "మా ఇంటిలో మేమే రాజులము" అన్న మాటగా మారిన చోటు ఇది. తిలకుని వాదానికి ఇక్కడ సమాధానం దొరకదు. ఎందుకనగా తమకు తాము కట్టుబడవలసినవారే ఆ ఆచారం వలన లాభపడుతున్నవారు.

మరొక వైపు కాపు, గొల్ల, చాకలి మొదలైన కులాలలో మారుమనువు ఉండేది. భార్యాభర్తలు కలసి ఉండలేనప్పుడు కులపెద్దల సమక్షంలో తెగతెంపులు జరిగేవి, స్త్రీ మరల మనువాడేది. పై కులాల సంస్కర్తలు వితంతు వివాహానికై శాస్త్రప్రమాణాలు వెదకుచున్న రోజులలో, పొలం గట్ల మీద అది ఏనాటినుండో సాగుచున్న ధర్మం. కులపంచాయితీ కూడా ఒక ప్రభుత్వమే. అది విధించిన తప్పులు, జరిమానాలు తక్కువవి కావు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది. ఆ సంవత్సరాలలోనే డాక్టర్ అంబేద్కరు హిందూ కోడ్ బిల్లును ముందుకు నడిపించాడు. స్వామి కరపాత్రి వంటి సన్న్యాసులు దానిని ప్రతిఘటించారు. బిల్లు సాగకపోవడం ముఖ్యకారణాలలో ఒకటిగా అంబేద్కరు 1951 సెప్టెంబరులో మంత్రిపదవికి రాజీనామా చేశాడు. చివరకు అది ముక్కలుగా ఆమోదం పొంది, 1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది. ఏకపత్నీత్వం చట్టమైంది, విడాకులకు దారి ఏర్పడింది.

ఆ చట్టంలో ఇరువైపులవారూ అంతగా చర్చించని రెండు నియమాలు ఉన్నాయి. వివాహం ఉభయులలో ఎవరి ఆచారం ప్రకారమైనా జరగవచ్చునని ఏడవ సెక్షను చెబుతుంది. సప్తపది ఆ ఆచారంలో భాగమైతే ఏడవ అడుగుతో బంధం పూర్తి అవుతుంది. ఇరువది తొమ్మిదవ సెక్షను రెండవ ఉపవిభాగం, ఆచారం ప్రకారం విడాకులు పొందే హక్కును చట్టం తాకదని స్పష్టం చేసింది. దేశకులధర్మాలను గౌరవించవలెనన్న స్మృతిమాట ఈ విధంగా చట్టభాషలోకి వచ్చింది. కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెలలోని మారుమనువుకు నేటికీ ఇదే ఆశ్రయం. 2002లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వివాహ నమోదును తప్పనిసరి చేసిన తరువాత పెండ్లికి రిజిస్టరులో పేజీ ఏర్పడింది. కులపెద్దల ముందు జరిగిన తెగతెంపులకు అటువంటి పేజీ లేదు. వివాదం న్యాయస్థానానికి చేరినప్పుడు, ఆ ఆచారం తమ కులంలో ప్రాచీనమైనదనీ ఎడతెగక సాగుచున్నదనీ నిరూపించే భారం దానిని చెప్పుకొన్నవారి మీదనే ఉంటుంది. ఆనాడు చాప మీద కూర్చున్న పెద్దలలో ఎవరైనా బ్రతికి ఉంటే వారినే సాక్షులుగా పిలుస్తారు.