పుట్టపర్తి నుంచి కడపకు విమానంలో ఎంతసేపు?

పోయిన వారం పెనుకొండలో టీ తాగుతా ఉంటే ఒక బ్రోకరు మా పక్క రైతుకు చెప్తా ఉన్నాడు. "పుట్టపర్తి నుంచి కడపకు విమానం పడితే పావుగంట. ఒక ఎకరా అమ్మి ఎయిర్‌పోర్టు దగ్గర ప్లాటు కొనేయ్" అని. మావాడు సగం ఒప్పుకున్నట్టే తల ఊపినాడు. అందుకే ఇదంతా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

పావుగంట అనేది పూర్తి అబద్ధం కాదు. పుట్టపర్తి, కడప విమానాశ్రయాల మధ్య గాలి దూరం సుమారు 113 కిలోమీటర్లు. ఏటీఆర్ లాంటి చిన్న విమానం పైకి పోయినాక గంటకు 500 కిలోమీటర్ల దాకా పోతుంది. లెక్క కడితే పదమూడు, పద్నాలుగు నిమిషాలు. కానీ రన్‌వే మీద పోవాల, ఎక్కాల, తిరగాల, దిగాల. అరగంట దాటుతుంది. గంట ముందే పోయి తనిఖీలో నిలబడాల. మనం పెనుకొండ నుంచి పుట్టపర్తికి పోవాల, ఆ పక్క దిగి కడప ఊర్లోకి పోవాల. అన్నీ కలిపితే మూడు గంటలు. కదిరి, పులివెందుల మీదుగా కారులో పోయినా ఇంచుమించు అంతే.

మన దూరాలు నిజంగా తగ్గింది రైలుతో. ఎద్దులబండి రోజుకు పాతిక కిలోమీటర్లు నడిస్తే గొప్ప. పెనుకొండ నుంచి బెంగళూరుకు అయిదారు రోజులు. 1890ల మొదట్లో సదరన్ మరాఠా రైల్వే వాళ్లు గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా మీటర్ గేజి వేసినారు. అయిదారు రోజుల దారి ఒక పూటకు వచ్చింది. తళ్లికోట యుద్ధం తర్వాత రాజధాని అయిన పెనుకొండ కోట కింద రైలు కూత పెట్టిందంటే ఆనాటి ముసలోళ్లు ఏమనుకున్నారో!

పుట్టపర్తి విమానాశ్రయం 1990లో వచ్చింది. సత్యసాయి ట్రస్టుది. ఒకప్పుడు చెన్నై, ముంబై నుంచి టికెట్టు విమానాలు దిగేవి. తర్వాత అవి నిలిచిపోయినాయి. 2008 మేలో దేవనహళ్లి తెరిచినాక మనోళ్లు దుబాయికి, అమెరికాకు పోయేది అక్కడి నుంచే. హిందూపురం నుంచి గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపురం మీదుగా రెండు గంటలలోపు. ఆ బెంగళూరు ఒప్పందంలో ఇంకో మాట ఉంది: 150 కిలోమీటర్ల గాలి దూరంలో మైసూరు, హాసన్ తప్ప ఏ విమానాశ్రయాన్నీ 25 ఏళ్లు, అంటే 2033 దాకా, అంతర్జాతీయ విమానాశ్రయంగా పెంచకూడదు. పుట్టపర్తి అక్కడికి గాలి దూరంలో సుమారు 106 కిలోమీటర్లే.

సరే, చిన్న విమానాలన్నా రావా? ఉడాన్ పథకం మొదలైన 2017 ఏప్రిల్ 27నే కడప–హైదరాబాద్ విమానం ఎగిరింది. 2021 మార్చిలో ఓర్వకల్లు నుంచి బెంగళూరు, చెన్నై, విశాఖలకు మొదలైనాయి. చూసినారా, ఒక కొస ఎప్పుడూ పెద్ద ఊరే. చిన్న ఊరి నుంచి చిన్న ఊరికి రోజూ డెబ్బై మంది యాడ దొరుకుతారు? బస్సులోనే సీట్లు మిగులుతాయి. పైకి ఎక్కేటప్పుడే ఎక్కువ డీజిల్ కాలే ట్రాక్టరు లాంటిదే విమానం కూడా. ఎక్కీ ఎక్కకముందే దిగాలంటే ఖర్చు గిట్టదు.

ఇదంతా చెప్తే మావాడు రాత్రి ఫోన్ చేసినాడు. "అన్నా, అడ్వాన్సు ఇంకా ఇయ్యలేదులే, అగ్రిమెంటు కాగితం మాత్రం ఇచ్చినారు" అన్నాడు. ఆదివారం ఆ కాగితం తెమ్మన్నా, కూర్చుని చదువుతాం.