వాహ్యాళి నుండి ప్లుతం దాకా

బడిలో తెలుగు చెప్పినన్నాళ్ళూ ‘ప్లుతం’ అనే మాటను నేను వ్యాకరణపు గంటలోనే పలికాను. ఒక మాత్ర కాలంలో పలికేది హ్రస్వం, రెండు మాత్రలది దీర్ఘం, మూడు మాత్రలది ప్లుతం. దూరాన ఉన్నవాణ్ణి గొంతెత్తి పిలిచేటప్పుడు పేరు చివర సాగే అచ్చును ఉదాహరణగా చెప్పి పాఠం ముందుకు నడిపేవాణ్ణి. ఆ మాటకు దూకడమనే అర్థం ఉన్నదనీ, అమరకోశంలో అది గుర్రపు గతులలో ఒకటనీ పిల్లలకు చెప్పిన గుర్తు లేదు. ఆ అవసరం పదవీ విరమణ తరువాత కాజీపల్లిలో కలిగింది.

కాజీపల్లి సంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలోని ఊరు. అక్కడ లారీల వ్యాపారం చేసుకొంటున్న నా పూర్వవిద్యార్థి ఒకడు రేసుల నుండి విరమించిన నాలుగేళ్ళ ఆడగుర్రాన్ని కొన్నాడు. అడ్డుకర్రలు దూకే పోటీలను టీవీలో చూసి ముచ్చటపడినవాడు. మూడో వారానికే రెండు నూనె పీపాల మీద మూడున్నర అడుగుల ఎత్తున వెదురు గడ పెట్టి దూకించాడు. రెండుసార్లు గుర్రం దాటింది. మూడోసారి గడ ముందు నిలువునా ఆగిపోయింది. వాడు మాత్రం ఆగకుండా గడకు ఆవలి వైపు వెళ్ళి పడ్డాడు. మణికట్టు విరిగింది, గుర్రానికి ముందుకాలు వాచింది. ఆ తరువాత అది నేలమీద పడి ఉన్న కర్రను చూసినా బెదిరి వెనక్కు నడిచేది.

కట్టు కట్టిన చేయితోనే వాడు నా దగ్గరకు వచ్చాడు. “సార్, గుర్రం దుంకుతలేదు. బళ్ళె మీరు నలుని కథ చెప్పిండ్రు గద, అశ్వహృదయమని. గా పాత పుస్తకాలల్ల దీనికేమన్న ఉపాయం ఉంటదా?” అని అడిగాడు. నేను ఏనాడూ గుర్రమెక్కినవాణ్ణి కాను. అయినా ముప్పై ఏళ్ళనాటి పాఠాన్ని గుర్తుంచుకొని అడిగిన శిష్యుణ్ణి ఉత్తచేతులతో పంపడానికి మనసొప్పలేదు. వాడి కోసం వెదకి చదివినదే ఈ వ్యాసం.

మొదట అమరకోశమే తీశాను. క్షత్రియవర్గంలో గుర్రపు గతులు అయిదు చెప్పి వాటికి ‘ధారలు’ అని పేరు పెట్టాడు అమరసింహుడు. ధౌరితకం, వల్గితం వంటివి ముందు వస్తాయి; ప్లుతం అన్నిటికీ చివర వస్తుంది. నిఘంటుకారుడు శిక్షణక్రమం బోధిస్తున్నాడని నేననను, పేర్లు చెప్పడమే అతని పని. కాని నా శిష్యుడు మొదటి నాలుగు గతులనూ వదిలి చివరిదానితో అక్షరాభ్యాసం చేశాడు. హ్రస్వదీర్ఘాలు రాని పిల్లవాడి చేత ప్లుతం పలికించబోవడం వంటిదే అది.

రెండో పుస్తకం ‘మానసోల్లాసం’. దీనికి అభిలషితార్థ చింతామణి అని కూడా పేరు. కల్యాణి చాళుక్యుడైన మూడవ సోమేశ్వరుడు క్రీ.శ. 1129 ప్రాంతంలో సంస్కృతంలో రచించాడు. ఇది మనకు పరాయిచోటి సంగతి కాదు. పటాన్‌చెరు నుండి ముంబయి రహదారిలో జహీరాబాదు దాటి వెళితే ఆ కల్యాణి, అంటే నేటి బసవకల్యాణ్, ఎంతో దూరం లేదు. చాళుక్య శాసనాలలో రాజుల నెలవీడుగా కనిపించే పొట్టలకెరె నేటి పటాన్‌చెరువే అని చరిత్రకారులు గుర్తించారు. ఆ రాజుల గుర్రాలు మా దారుల వెంట నడిచే ఉంటాయని అనుకోవడం అతిశయోక్తి కాదు.

సోమేశ్వరుడు రాజవినోదాలలో ‘వాజివాహ్యాళి’ అని ఒక వినోదాన్ని వర్ణించాడు. రౌతులు రెండు పక్షాలుగా చీలి, గుర్రాల మీద నుండి బంతిని కొట్టి తోరణం దాటించే ఆట అది. మనవారు ఇప్పుడు పోలో అని పిలిచే ఆటకు దగ్గరి చుట్టం. నన్ను ఆపింది ఆట కాదు, మాట. ‘వాహ్యాళి’ అంటే గుర్రాలను నడిపించే దారి, నడిపించే బయలు. తెలుగులో నేడు ఆ మాటకు గుర్రంతో సంబంధమే లేదు; సాయంకాలం అలా నడిచి రావడమే వాహ్యాళి. గుర్రం వెళ్ళిపోయింది, నడక మిగిలింది. నా శిష్యుడి దగ్గర గుర్రం ఉన్నది, నడకే లేదు.

మన ప్రాచీనులకు గుర్రపుశాస్త్రం కొరత లేదు. శాలిహోత్రుణ్ణి అశ్వశాస్త్రానికి ఆద్యుడిగా చెబుతారు. ఆయన పేరు నుండే హిందుస్థానీలో గుర్రపు వైద్యుడికి ‘సాలోత్రి’ అనే పేరు వచ్చింది. నకులుడి పేర ఉన్న అశ్వశాస్త్రాన్ని తంజావూరు సరస్వతీమహలు గ్రంథాలయం 1952లో బొమ్మలతో అచ్చువేసింది. విరాటుని కొలువులో ఆ నకులుడే దామగ్రంథి అనే పేరుతో గుర్రాలను సాకాడు. హయలక్షణాలను తెలుగు పద్యాలలో చెప్పిన మనుమంచి భట్టు కూడా మనకున్నాడు.

శాస్త్రం ఉన్నా దాన్ని చేతిలోకి తెచ్చుకొన్నవారు తక్కువని చరిత్ర చెబుతుంది. దక్షిణాది నేల మేలుజాతి గుర్రాలకు పుట్టినిల్లు కాదు. అవి అరేబియా, పారశీక తీరాల నుండి ఓడలలో వచ్చేవి. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం తుఫానుకు ఒడ్డున పడిన ఓడల సంగతి ఎత్తుకొంటుంది. పూర్వపు రాజులు వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాక్కొనేవారనీ, తాను న్యాయమైన సుంకం మాత్రమే పుచ్చుకొంటాననీ ఆ శాసనం సముద్రవర్తకులకు మాట ఇస్తుంది. విజయనగరంలో కృష్ణరాయలు ఏటా 13,000 హోర్ముజ్ గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు యాత్రికుడు న్యూనిజ్ వ్రాశాడు. రేవులను బాగుచేసి గుర్రాల వర్తకాన్ని పెంచుకొమ్మని రాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతిలో చెప్పనే చెప్పాడు.

ఇన్నిన్ని గుర్రాలు ఏటేటా ఎందుకు కొనవలసి వచ్చింది? పదమూడవ శతాబ్ది చివర వచ్చిన మార్కోపోలో పాండ్యదేశం గురించి చెప్పినది చదివితే మనసు చివుక్కుమంటుంది. అక్కడి రాజు ఏటా రెండువేలకు పైగా గుర్రాలు కొనేవాడట. సంవత్సరం తిరిగేసరికి వంద కూడా మిగిలేవి కావట. సాకడం తెలియక, గుర్రపు వైద్యులు లేక, వండిన అన్నంలో మాంసం కలిపి పెట్టి చంపుకొనేవారని అతని మాట. యాత్రికుల లెక్కలను అక్షరాలా నమ్మనక్కరలేదు, యుద్ధాలలో పోయినవీ ఉంటాయి. అయినా గుర్రాన్ని కొనడానికి బంగారం చాలునుగాని నిలుపుకోవడానికి అది చాలదన్న సంగతి మాత్రం అందులో స్పష్టంగా ఉంది. ఈ భాగం చదివి వినిపించినప్పుడు నా శిష్యుడు చాలాసేపు తల ఎత్తలేదు.

దూకించడం గురించి నేరుగా చెప్పిన పాతమాట నాకు గ్రీకుదేశంలో దొరికింది. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దికి చెందిన జెనొఫన్ అశ్వారోహణం మీద చిన్న పుస్తకం వ్రాశాడు. కొడుకును వృత్తి నేర్చుకోవడానికి పంపినట్లే గుర్రపు పిల్లను శిక్షకుడికి అప్పగించాలనీ, తిరిగి వచ్చేనాటికి దానికి ఏమేమి రావాలో ముందే వ్రాతపూర్వకంగా ఒప్పుకోవాలనీ అంటాడు. కోపంలో ఉండి గుర్రాన్ని ముట్టవద్దంటాడు. కందకం దూకడం తెలియని గుర్రానికైతే, మనిషి పగ్గం చేత పట్టుకొని ముందు తాను దాటి ఆ తరువాత గుర్రాన్ని పిలవాలట.

తరువాతి కాలపు రౌతులు ఈ మెత్తదనాన్ని మరచారు. పందొమ్మిదో శతాబ్ది చివరి వరకు ఐరోపా సైన్యాలలో గుర్రం గాలిలోకి లేచినప్పుడు రౌతు వెనక్కు వాలి కళ్ళెం లాగిపట్టేవాడు. దానివల్ల గుర్రానికి నోరూ నడుమూ రెండూ నొచ్చేవి. ఇటలీ అశ్వదళంలోని కాప్రిల్లీ (1868–1907) రౌతు లేకుండా గుర్రం ఎలా దూకుతున్నదో గమనించి, మనిషే ముందుకు వంగి దాని మెడకు స్వేచ్ఛ ఇవ్వాలని చూపించాడు. నేడు లోకమంతా దూకేది ఆ పద్ధతిలోనే. ‘రౌతు మెత్తనైతే గుర్రం మూడుకాళ్ళ మీద నడుస్తుంది’ అని మనకొక సామెత ఉంది. దానిని కొరడాకు సమర్థనగా వాడుతారు. మెత్తన అంటే అక్కడ చేతకానితనమని నా అభిప్రాయం. దయ అని కాదు.

ఆధునిక శాస్త్రం చెప్పేదీ తొందరపడవద్దనే. గుర్రానికి ముందుకాలి మోకీలు పైనుండే ఎముక కొస రెండు, రెండున్నర ఏళ్ళకు గట్టిపడుతుంది. వెన్నెముక పూర్తిగా ముదరడానికి అయిదారేళ్ళు పడుతుంది. దూకి దిగేటప్పుడు నాలుగైదు వందల కిలోల బరువు క్షణకాలం ముందుకాళ్ళ మీదనే పడుతుంది. రెండేళ్ళకే రేసులలో పరుగెత్తిన గుర్రం కనుక మావాడు దానిని ‘ఎదిగినది’ అనుకొన్నాడు. పరుగులో అది పాతకాపు, దూకడంలో పసిపిల్ల. ఒలింపిక్ లంఘన పోటీకి గుర్రానికి తొమ్మిదేళ్ళైనా నిండాలని నియమం పెట్టారంటే ఊరకనే కాదు. మన రఘువీర్ సింగ్ 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచిన పోటీలో, ఫవాద్ మీర్జా టోక్యో ఒలింపిక్స్‌లో (2021) 23వ స్థానంలో నిలిచిన పోటీలో మూడు అంకాలుంటాయి. మొదటిది నడక పొందిక, రెండోది బయళ్ళ పరుగు, చివరిది అడ్డుకర్రలు. అక్కడా ప్లుతం చివరికే వచ్చింది.

పుస్తకాలు అంతవరకే తోడు వచ్చాయి. మిగిలినది ఒక వృద్ధుడైన సాయిబు నేర్పాడు. నగరంలో గుర్రపుశాలల్లో సయీసుగా జీవితం గడిపిన మనిషి. ఆయన వచ్చి ముందు పీపాలను తీయించాడు. పశువైద్యుడు చూసి సరే అనేదాకా గుర్రానికి పూర్తి విశ్రాంతి. ఆ పైన రెండు నెలలు పగ్గం పట్టుకొని నడిపించడమే పని. లారీలు, కుక్కలు, గాలికి ఎగిరే ప్లాస్టిక్ సంచులు అన్నీ చూపించాడు. తరువాత పొడవాటి పగ్గంతో గుండ్రంగా తిప్పాడు, రెండు వైపులకూ సమంగా, ఒక్కొక్కసారి పావుగంటకు మించకుండా. ఎక్కువ తిప్పితే కీళ్ళు అరుగుతాయన్నాడు. అటుపిమ్మట నేలమీద ఒక కర్ర, కొన్నాళ్ళకు నాలుగున్నర అడుగుల ఎడంతో మూడు కర్రలు. దుడుకునడకలో అది వాటిని తగలకుండా దాటడానికే నెల పట్టింది. తరువాత రెండు కర్రలు కత్తెర వేసినట్లు అడుగున్నర ఎత్తున పెట్టాడు. నడుమ పల్లంగా ఉంటే గుర్రం తనంతట నడుమకే వస్తుందట. వారానికి రెండు రోజులే దూకడం, అదీ తెల్లవారక ముందు, నేల మెత్తగా ఉంటేనే. బాగా దూకిన వెంటనే జీను దించేసేవాడు. “ఇంకొక్కసారి సాబ్” అని మావాడు బతిమాలితే, “గా ఒక్కసారికే కదా నీ చెయ్యి ఇరిగింది” అనేవాడు.

ఆయన మరొక మాట అన్నాడు: “కొత్త రౌతుకు పాత గుర్రం, కొత్త గుర్రానికి పాత రౌతు.” కాబట్టి మావాణ్ణి నగరంలో ఒక శిక్షణశాలకు పంపి, దూకడంలో ఆరితేరిన ముసలి గుర్రం మీద ఆరునెలలు నేర్పించారు. కళ్ళేన్ని పట్టుకొని వేలాడకుండా జూలు పట్టుకోవడం వాడు అక్కడే నేర్చాడు.

నీటి సంగతి చెప్పకుండా కాజీపల్లి కథ పూర్తి కాదు. మందుల కర్మాగారాల వ్యర్థాలు ఈ ప్రాంతపు వాగులనూ చెరువులనూ ఏం చేశాయో లోకమెరుగును. పటాన్‌చెరులో శుద్ధిచేసి వదిలిన నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్లు స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించారు. ఒకప్పుడు ప్రయాణపు గుర్రాలు ఆగి నీళ్ళు త్రాగిన నేల ఇది. నేడు ఆ ఆడగుర్రానికి త్రాగేనీరు ట్యాంకరులో వస్తుంది. సాయిబు మొదటి రోజున అడిగిన మొదటి ప్రశ్న “నీళ్ళేవి?” అనే. కర్రల సంగతి ఆయన ఆ రోజు ఎత్తనేలేదు.

ఏడాది కావస్తుండగా ఒక వేకువన నేనూ చూడబోయాను. చేనుకు అడ్డంగా వాననీటి కోసం తవ్విన చిన్న కాలువ ఉంది. గుర్రం దాని ముందు ఆగి చెవులు నిక్కించింది. మావాడు కొరడా కోసం చూడలేదు. దిగి, పగ్గం వదులుగా పట్టుకొని తాను కాలువ దాటి, అటు తిరిగి నిలుచున్నాడు. గుర్రం తల వంచి మట్టి వాసన చూసింది. కాసేపు తటపటాయించింది. ఒక్క ఉదుటున దూకి వచ్చి వాడి భుజం దగ్గర నిలిచింది. జెనొఫన్ పేరు ఆ సాయిబు ఎన్నడూ వినలేదు. నేను చెప్పబోయేలోగానే ఆయన, “ఇగ చాలు, ఇంటికి తోలుకపో” అన్నాడు.

వాడు గుర్రం ఎక్కలేదు. పగ్గం పట్టుకొని ముందు నడిచాడు, అది వెనుక నడిచింది, మేమిద్దరం ముసలివాళ్ళం వాటి వెనుక నడిచాము. అడ్డుకర్ర ఇప్పటికీ రెండు అడుగుల ఎత్తు దాటలేదు. గుర్రానికి ఇంకా అయిదేళ్ళే.