కరువు కాలవ మీద గృహనిర్వాహకుడు



శ్రీహరికోట అనగానే మనకు రాకెట్టు గుర్తుకొస్తుంది. 1979 ఆగస్టు 10న అక్కణ్ణించి ఎగిరిన మొదటి ఎస్.ఎల్.వి.-3 అయిదు నిమిషాలు దాటగానే బంగాళాఖాతంలో పడిపోయింది. కంప్యూటరు ఆగమని చెప్పినా ముందుకు సాగమన్నది తానేనని ఆ ప్రయోగానికి నాయకుడైన అబ్దుల్ కలాంగారు తరవాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు. అయినా ఆ రోజు పత్రికలవాళ్ళ ముందు కూర్చుని, బాధ్యత నాదీ అన్నది ఆయన పై అధికారి సతీశ్ ధవన్ గారు. మరుసటేడు, 1980 జూలై 18న, ప్రయోగం నెగ్గినప్పుడు మాత్రం కలాంగారినే వెళ్ళి మాట్లాడమన్నారు. ఈ సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. దానికి నూరేళ్ళ ముందు ఇదే కోస్తాలో జరిగిన మరొక సంగతి తెలిసినవారు తక్కువ. ఇవాళ చెప్పబోయేది అదీ.

శ్రీహరికోటకు పడమట పులికాటు సరస్సు. ఆ సరస్సులోంచి సాగి ఉత్తరంగా పోతుంది బకింగ్‌హామ్ కాలవ. ఒకప్పుడు శ్రీహరికోట అడవిలో కొట్టిన వంటచెరకు ఈ నీళ్ళమీదే పడవల్లో మద్రాసు చేరేది. కొట్టేవాళ్ళు ఎక్కువగా యానాదులు. గ్యాసు పొయ్యిలు రాకముందు పట్నంలో ఎన్ని కుటుంబాల అన్నం ఆ కట్టెలమీద ఉడికిందో! కాలవ మాత్రం ఒక్కసారిగా తవ్వింది కాదు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు మొదలై, ముక్కలు ముక్కలుగా పెరుగుతూ వచ్చింది. అందులో ఒంగోలు వైపు ముక్క కరువులో తవ్వినది. అప్పట్లో ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోనిదే.

1876లో వానలు పడలేదు. అది ధాత నామ సంవత్సరం కనుక మన పెద్దవాళ్ళు ధాత కరువు అన్నారు. 1878 దాకా అది వదలలేదు. దక్షిణాదిన యాభై లక్షలమందికి పైగా పోయారని అంచనా. ఖర్చు తగ్గించడానికి పై ప్రభుత్వం పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర, పని చేసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలన్నాడు. పౌనంటే అరకిలో కూడా లేదు. పొద్దున్నించి సాయంత్రం దాకా మట్టి మోసిన మనిషికి అది ఏ మూలకొస్తుందో మనకు ఒకరు చెప్పాలా? మద్రాసు ప్రభుత్వంలో వైద్యుడైన కార్నిష్ దొర ఇది కూడదని గట్టిగా పోట్లాడాడు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు.

ఇక్కడ లూకా సువార్తలో యేసు చెప్పిన ఒక కథ గుర్తు చేయాలి. క్రైస్తవ సోదరీమణులకు కొత్తది కాదు, మిగతావారికోసం చెబుతున్నాను. ఒక యజమాని తన ఇంటివారందరినీ ఒక గృహనిర్వాహకుడి చేతికి అప్పగించి ఊరికి వెళతాడు. అతని పని పెద్దదేమీ కాదు. ఎవరి ధాన్యం వారికి వేళకు కొలిచి ఇవ్వడం, అంతే. కాని యజమాని ఇప్పట్లో రాడులే అనుకుని, పనివాళ్ళను, పనికత్తెలను కొట్టి, తాను తిని తాగి కూర్చుంటే? యజమాని అనుకోని గడియలో వచ్చి నిలబడతాడు. దీపాలు ఆర్పకుండా మెలకువగా ఉండండని చెప్పిన వెంటనే వస్తుందీ కథ. కొట్టుగది తాళపుచెవి కొంగుకు కట్టుకున్న మనకు ఇందులో మెలకువ అంటే ఏమిటో ఇట్టే తెలుస్తుంది. కుంచం తప్పకుండా కొలవడమే కదా!

ఆ కరువులో తాళపుచెవి జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ చేతికి వచ్చింది. 1865లో దేశానికి వచ్చి, మరుసటేడు నుంచి ఒంగోలులో ఉంటున్నాడు. ఈ దేశం రాకముందు అమెరికాలో భూములు కొలిచే సర్వే పని చేసినవాడు. ఊరికే గంజి పోస్తే ఎన్నాళ్ళు పోస్తాం అనుకున్నాడో ఏమో, మూడున్నర మైళ్ళ కాలవ తవ్వకం తానే కంట్రాక్టు తీసుకున్నాడు. వేలమంది వచ్చారు. ఎక్కువమంది మాదిగలు, మాలలు. వేరేచోట్ల ఓవర్సీర్ల తిట్లకు, కూలి కోతలకు భయపడినవాళ్ళు. క్లౌ తన బోధకులనే పని మీద ఓవర్సీర్లుగా పెట్టాడు. మిషనరీకి మట్టిపని కంట్రాక్టు ఏమిటని నవ్విన దొరలు ఉండేవుంటారు. నన్నడిగితే ఆయన చెప్పిన ప్రసంగాలన్నిటికన్నా ఇది గొప్ప పని.

అసలు చిక్కు ఆ తరవాతే వచ్చింది. మధ్యాహ్నం పని ఆపి కూలీలు కూర్చున్నప్పుడు ఆ బోధకులే వాళ్ళకు యేసు మాటలు చెప్పేవారు. వాళ్ళలో చాలామంది మాకు బాప్తిస్మం ఇవ్వండి అని అడిగారు. క్లౌ ఇవ్వనన్నాడు. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు, పదిహేను నెలలు. అన్నం పెట్టే చేయి తనది. ఆ చేతిని చూసి వచ్చేవాడు దేవుణ్ణి చూసి వచ్చాడని ఎలా నమ్మడం? మనుషుల్ని చేర్చుకోవడానికే వచ్చిన మిషనరీ, మనుషులు వరసకట్టి వస్తుంటే వద్దనడం మాటలా! అమెరికాలో చందాలిచ్చేవాళ్ళకు లెక్క కూడా చెప్పుకోవాలాయె.

1878లో కరువు తగ్గింది, కాలవ పని అయిపోయింది, సాయం ఆగిపోయింది. అప్పుడు ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో కూడమని తన సంఘంవారికి కబురు పెట్టాడు. ఇకమీద ఇచ్చేదేమీ లేదని చెప్పడం ఆయన ఉద్దేశం. కాని పిలవని జనం కూడా వేలకొద్దీ వచ్చిపడ్డారు. మాకు డబ్బూ వద్దు, ధాన్యమూ వద్దు, బాప్తిస్మం కావాలన్నారు. ఇక కాదనలేకపోయాడు. ఎవరెవరో ఏ ఊరివారో బోధకులచేత విచారించి, పేర్లు రాయించి మరీ ఒప్పుకున్నాడు. జూలై 3న ఒక్కరోజులో 2,222 మంది గుండ్లకమ్మలో దిగారు. బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరేసి చొప్పున. క్లౌ ఆ రోజు నీళ్ళలోకి దిగలేదు.

కూటికోసం మారారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. అందరి మనసులూ ఎవరు చూడగలరు? కరువుకు పదేళ్ళ ముందే, 1866లో, యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ ఈ మతం తీసుకుని ఊరూరా మాదిగ పల్లెల్లో చెబుతూ వచ్చారన్నది మరవకూడదు. వాళ్ళు తిరిగిన ఊళ్ళే తరవాత కదిలాయి. ఆ పదిహేను నెలల మాట కూడా, కూటికోసమే అనేవారు లెక్కలో వేసుకోవాలని నా అభిప్రాయం.

ఇదంతా మనకు తెలియడానికి కారణం ఒక స్త్రీ. క్లౌ మొదటి భార్య పోయాక ఆయనను పెళ్ళాడిన ఎమ్మా రౌషెన్‌బుష్, ఆయన చెప్పిన కథను రాసిపెట్టింది. ఆయన 1910లో పోయాడు, పుస్తకం 1914లో అచ్చయింది. అంతకుముందే, 1899లో, మాదిగ కుటుంబాల కథలను వేరే పుస్తకంగా వేసింది. చెప్పులు కుట్టుకుంటూ చెప్పుకున్న కథలని దానికి పేరు.