ఒక గుర్రం, ఇద్దరు స్నేహితులు, మత్తిగిరి దారి

ఈ ఏడాది మా సాంఘిక శాస్త్రం సార్ మాకు ఒక పని ఇచ్చారు. "పుస్తకంలో చరిత్ర చదివింది చాలు. మీ ఇంటి దగ్గర మొదలుపెట్టి చరిత్ర రాసుకుని రండి" అన్నారు. తరగతిలో ఒక్కొక్కరూ లేచి దేని గురించి రాస్తారో చెప్పారు. ఒకరు చంద్రచూడేశ్వరస్వామి కొండ అన్నారు. ఒకరు రాజాజీ గారు పుట్టిన తొరపల్లి అన్నారు. నా స్నేహితుడి వంతు వచ్చింది. వాడు లేచి, "మా ఇంట్లో చరిత్ర ఏముంది సార్? మాది గుర్రాలోళ్ళ ఇల్లు" అని కూర్చున్నాడు. వెనక బెంచీలో నవ్వారు. నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను.

ఆ నవ్వు తప్పని తెలుసుకోవడానికి నాకు ఆరు ఆదివారాలు పట్టింది.

వాళ్ళ ఇల్లు హోసూరు పక్కన మత్తిగిరి వైపు ఉంది. ఇంటి వెనక రేకుల కొట్టంలో ఒక ఆడ గుర్రం ఉంటుంది. ఎర్ర రంగు, నుదుటి మీద తెల్ల మచ్చ. పేరు బంగారి. పెళ్ళి మెరవణిలో పెళ్ళికొడుకులు ఎక్కేది దీని మీదే. వాడి తాత ఒకప్పుడు జట్కా తోలేవాడు. ఆటోలు వచ్చాక జట్కా పోయింది కానీ తాతకు గుర్రం లేని ఇల్లు ఇల్లు మాదిరి అనిపించదంట. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు. అప్పుడు గుర్రాన్ని ఊరికే కట్టేస్తే కాళ్ళు పట్టేస్తాయి. అందుకని ఆదివారం తెల్లవారుజామున దాన్ని తిప్పుకుని రావాలి. "నువ్వూ రారా" అని వాడే పిలిచాడు. ఆ రోజు నేను నవ్వింది వాడు చూశాడా లేదా అని నేను అడగలేదు.

గుర్రం ఒకటే, మేము ఇద్దరం. కాబట్టి ఒకరు ఎక్కితే ఇంకొకరు పగ్గం పట్టుకుని నడవాలి. పోయేటప్పుడు ఒకరి వంతు, వచ్చేటప్పుడు ఇంకొకరి వంతు. కానీ మొదటి రెండు ఆదివారాలు తాత నన్ను ఎక్కనివ్వనే లేదు. "ముందు నీ చెయ్యి వాసన చూపించప్పా. అది నిన్ను ఒప్పుకోవాల" అన్నాడు. గుర్రం వెనక నిలబడకూడదు, ఎడమ భుజం పక్కనే నడవాలి, గిట్టలో రాయి ఇరుక్కుందేమో ప్రతిసారీ ఎత్తి చూడాలి అని ఒక్కొక్కటీ నేర్పించాడు. నానబెట్టిన ఉలవలు ఎన్ని పిడికిళ్ళు వేయాలో కూడా చూపించాడు. మూడో ఆదివారం వాళ్ళ నాయన బైకు హెల్మెట్ నా తలకు పెట్టి, అప్పుడు ఎక్కించాడు.

గుర్రం మీద కూర్చుంటే లోకం వేరుగా కనిపిస్తుంది. రాగి చేల మీద మంచు, నీలగిరి చెట్ల మధ్య మట్టి బాట, దూరంగా కెలవరపల్లి డ్యామ్ వైపు తెల్లటి పొగమంచు అన్నీ కనిపిస్తాయి. కింద నడిచేవాడికి మాత్రం గుర్రం చెవులు, బాటలో గుంతలు కనిపిస్తాయి. గుర్రం దేనికి బెదురుతుందో పైన కూర్చున్నవాడి కంటే కింద ఉన్నవాడికే ముందు తెలుస్తుంది. ఇది నాకు తర్వాత బాగా పనికొచ్చింది.

మా దారి మత్తిగిరి ఫారం వైపు నుంచే పోతుంది. పాలు, ఆవులు, కోళ్ళు అంటే మనకు గుర్తొచ్చే ప్రభుత్వ పశువుల ఫారం అదే. సుమారు 1,640 ఎకరాలు. ఒక ఆదివారం తాత అన్నాడు: "అది మొదలు ఆవుల కోసం పెట్టింది కాదప్పా, గుర్రాల కోసం పెట్టింది. మా నాయన అందులోనే గుర్రాలు చూసేవాడు." ఆ మాటతోనే నా వ్యాసం మొదలైంది. సార్‌ను అడిగాను, గ్రంథాలయంలో చూశాను. తాత చెప్పింది నిజమే. ఆ ఫారం 1824లో మొదలైంది. ఈస్టిండియా కంపెనీ సైన్యానికి గుర్రాలు పెంచి సిద్ధం చేయడం కోసం దాన్ని పెట్టారు.

మన హోసూరులోనే ఎందుకు పెట్టారు? మనం సముద్రమట్టానికి దాదాపు 3,000 అడుగుల ఎత్తులో ఉన్నాం. ఎండాకాలంలో కూడా మద్రాసు అంత ఉక్క ఉండదు. గుర్రానికి ఉక్క పడదు. గడ్డి మైదానాలు ఉన్నాయి, ఉలవలు ఇక్కడే పండుతాయి, బెంగుళూరు దండు దగ్గరలోనే ఉంది. ఇవన్నీ కలిసి వచ్చాయి.

1824లో మద్రాసు గవర్నరుగా ఉన్నది సర్ థామస్ మన్రో. ఈయన మనకు తెలియనివాడు కాదు. 1792 నుంచి 1799 వరకు బారామహల్‌లో, అంటే మన కృష్ణగిరి ప్రాంతంలో, పని చేశాడు. తర్వాత 1800 నుంచి 1807 దాకా కడప, బళ్ళారి సీమలో కలెక్టరుగా ఉండి గుడారాల్లో బసచేస్తూ ఊరూరూ తిరిగాడు. 1827లో కర్నూలు దగ్గర పత్తికొండలో కలరాతో చనిపోయాడు. చెన్నైలో గుర్రం మీద కూర్చున్న ఆయన విగ్రహం ఉంది. ఆ గుర్రానికి జీను లేదు, కాళ్ళు పెట్టుకునే రికాబులూ లేవు. శిల్పి మరిచిపోయాడని కొందరు కథ చెబుతారు. నేను ఈ సంగతి చెప్పగానే నా స్నేహితుడు, "జీను మాత్రమేనా? గుర్రాన్ని పట్టుకునే మనిషి కూడా లేడు కదరా" అన్నాడు. నాకు ఆ ఆలోచన రాలేదు. వాడికి వచ్చింది.

ఆ రోజుల్లో సైన్యంలో ఒక్కొక్క గుర్రానికి ఒక సైసు, గడ్డి కోసి తెచ్చే మనిషి ఒకరు ఉండేవాళ్ళు. దొర గుర్రం మీద పోతుంటే సైసు పక్కనో వెనకో పరుగెత్తేవాడు. 19వ శతాబ్దంలో ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో గుర్రాలు మద్రాసు తీరానికి వచ్చేవి. న్యూ సౌత్ వేల్స్ నుంచి వచ్చాయి కాబట్టి వాటికి 'వేలర్లు' అని పేరు పడింది. అన్ని వారాలు ఓడలో నిలబడి వచ్చిన గుర్రం బెదిరిపోయి ఉంటుంది. దాని బెదురు తీర్చి, మనిషి మాట వినేలా చేసింది ఎవరు? ఎక్కిన దొర కాదు, చేతి వాసన చూపించి మచ్చిక చేసిన మనిషి.

గుర్రాలు బయటినుంచి రావడం ఇంగ్లీషువాళ్ళతో మొదలు కాలేదు. మన దక్షిణ దేశంలో మంచి యుద్ధపు గుర్రాలు ఎప్పుడూ తక్కువే. 13వ శతాబ్దం చివర్లో పాండ్య దేశం చూసిన మార్కో పోలో ఒక సంగతి రాశాడు. ఇక్కడి రాజులు ఏటా వేలకొద్దీ గుర్రాలు కొంటారంట, కానీ అవి త్వరగా చచ్చిపోతాయంట. వాటిని సరిగ్గా చూసుకోవడం తెలిసినవాళ్ళు లేకపోవడమే దానికి కారణమని ఆయన అన్నాడు. మన శ్రీనాథ మహాకవి హరవిలాసంలో అవచి తిప్పయ్య సెట్టి అనే వర్తకుడు హురుముంజి నుంచి గుర్రాలు తెప్పించేవాడని ఉంది. హురుముంజి అంటే పర్షియా దగ్గరి హోర్ముజ్. గుర్రానికి మనం వాడే 'తేజీ' అనే మాట కూడా ఆ వైపు నుంచి వచ్చిందే.

విజయనగర రాజుల సంగతి ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి 16వ శతాబ్దంలో విజయనగరంలో ఉండి చాలా విషయాలు రాశాడు. సాళువ నరసింహరాయలు గుర్రాలు బతికినా చచ్చినా డబ్బు ఇచ్చేవాడంట. సముద్రంలో చచ్చిపోయిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలంట! విజయనగర రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని కూడా ఆయన రాశాడు. ఇది చదివి నేను తోకల సంగతి చెబితే తాత చాలాసేపు నవ్వాడు. "అట్లయితే మా వ్యాపారమూ చేసుండొచ్చు" అన్నాడు.

కానీ నన్ను ఆపేసింది న్యూనిజ్ రాసిన ఇంకొక చిన్న వాక్యం. రాజు దగ్గర జీతానికి ఉన్నవాళ్ళ లెక్క చెబుతూ, గుర్రాలను చూసుకునే వాళ్ళు 1,600 మంది, గుర్రాలకు నడక నేర్పేవాళ్ళు 300 మంది ఉన్నారని రాశాడు. 1,600 మంది! వాళ్ళలో ఒక్కరి పేరూ నాకు ఎక్కడా దొరకలేదు. రాయల పేరు ప్రతి పిల్లవాడికీ తెలుసు. హంపిలో మహానవమి దిబ్బ రాళ్ళ మీద గుర్రాలు వరుసగా కనిపిస్తాయి, వాటి పక్కన నడిచే మనుషులూ కనిపిస్తారు. పేర్లు మాత్రం లేవు.

మొదటి ప్రపంచ యుద్ధంలోనూ ఇదే కథ. 1918 సెప్టెంబరు 23న పాలస్తీనాలోని హైఫా ఊరిని జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు గుర్రాల మీద దూసుకుపోయి పట్టుకున్నారు. ఆ దళంలో హైదరాబాదు లాన్సర్లు కూడా ఉండేవాళ్ళు. మైసూరు లాన్సర్ల స్మారకం మన పక్కనే బెంగుళూరులో ఉంది. ఆ యుద్ధానికి ఆస్ట్రేలియా దాదాపు 1,36,000 గుర్రాలను బయటికి పంపింది. వాటిలో తిరిగి ఇంటికి చేరింది ఒక్కటే. దాని పేరు శాండీ. ఇది చదివిన రోజు బంగారి మెడ మీద చెయ్యి వేసి కాసేపు ఊరికే నిలబడ్డాను.

ఇక ఆరో ఆదివారం. మా దారిలో ఒక చింతచెట్టు కింద వీరగల్లు ఉంది. మన హోసూరు, కృష్ణగిరి చుట్టుపక్కల ఊళ్ళలో ఇలాంటివి చాలా ఉన్నాయి. పోరులో చనిపోయిన వీరుడి కోసం నాటిన రాయి అది. గుర్రం మీద కత్తి ఎత్తిన వీరుడు అని అందరం చూసి పోతుంటాం. ఆ రోజు పగ్గం పట్టుకుని నడిచే వంతు నాది. బంగారి గడ్డి మేయడానికి అక్కడే ఆగింది. నేను కింద ఉన్నాను కాబట్టి రాయి నా కళ్ళ ఎదురుగా ఉంది. గుర్రం వెనక, వీరుడి మోకాలి ఎత్తు కూడా లేని చిన్న మనిషి ఉన్నాడు. చేతిలో గొడుగు. అరిగిపోయి ముఖం తెలియడం లేదు.

"రేయ్, దిగి చూడు" అన్నాను. వాడు దిగి చూశాడు. వేలితో ఆ చిన్న మనిషిని తడిమాడు. అప్పుడు నేను ఆ 1,600 మంది గురించి చెప్పి, "నువ్వు తరగతిలో చెప్పినప్పుడు నేనూ నవ్వానురా" అన్నాను. "తెలుసు. చూశాను" అన్నాడు వాడు. ఇంకేమీ అనలేదు. కాసేపటికి, "ఎక్కు, ఎండ ఎక్కువవుతుంది" అన్నాడు.

'రౌతు కొద్దీ గుర్రం' అని మన పెద్దలు అంటారు. ఎక్కేవాడిని బట్టి గుర్రం నడుస్తుందని అర్థం. అది సరే. కానీ రౌతు ఎక్కేముందు గుర్రాన్ని నిలబెట్టినవాడు ఇంకొకడు ఉన్నాడు. మన చరిత్ర పుస్తకాల్లో గుర్రం మీద కూర్చున్నవాళ్ళ పేర్లే ఉన్నాయి. పక్కన నడిచినవాళ్ళది కూడా చరిత్రే అని ఇప్పుడు నేను గట్టిగా చెప్పగలను, ఎందుకంటే నేను నడిచి చూశాను.

నా స్నేహితుడు కూడా వ్యాసం రాశాడు. ఒక్క పేజీ. పైన వాళ్ళ ముత్తాత పేరు, తర్వాత తాత పేరు, నాయన పేరు, చివర తన పేరు. దాని కింద తాతకు గుర్తున్న గుర్రాల పేర్లు, పదకొండు. ఏ గుర్రం ఎట్లాంటిదో ఒక్కో మాట. సార్ దాన్ని తరగతిలో చదివించారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇంటికి పోయి చదివి వినిపిస్తే తాత "ఒక గుర్రం పేరు తప్పురా" అని దిద్దించాడంట.

దాణా ధర పెరిగిపోయింది. మెరవణికి ఇప్పుడు గుర్రం కంటే కారు అడిగేవాళ్ళే ఎక్కువ. వచ్చే ముహూర్తాలు అయ్యాక బంగారిని అమ్మేయాలని వాళ్ళ ఇంట్లో మాట్లాడుకుంటున్నారు. ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికి అది ఆ కొట్టంలో ఉంటుందో లేదో నేను చెప్పలేను. ఉన్నన్ని రోజులూ మేము పోతాం. ఈ ఆదివారం పోయేటప్పుడు వాడు ఎక్కాలి, నాది నడిచే వంతు.