సాగరతీర బహుళ అంతస్తుల భవనాలలో వ్యర్థాల నిర్వహణ – నివాసుల బాధ్యతలు

విశాఖపట్నం (ప్రత్యేక వ్యాసం): నగరంలో పాండురంగాపురం, కిర్లంపూడి లేఅవుట్, లాసన్స్ బే కాలనీ మొదలుకొని రుషికొండ, భీమునిపట్నం వరకు సముద్రతీరం వెంబడి బహుళ అంతస్తుల నివాస భవనాలు విరివిగా వెలిశాయి. పూర్వం పది ఇళ్లు ఉన్న స్థలంలో నేడు వంద కుటుంబాలు నివసిస్తున్నాయి. ఆ వంద కుటుంబాల చెత్త ప్రతి ఉదయం ఒకే సెల్లార్‌కు, ఒకటి రెండు డబ్బాలకు చేరుతున్నది. ఆ డబ్బాలు పొంగిపొర్లితే కలిగే నష్టం ఆ ప్రాంగణానికే పరిమితం కాదు. విశాఖ నగరం కొండలకు, సముద్రానికి నడుమ ఏటవాలు నేలపై విస్తరించి ఉన్నది. స్థానికులు గెడ్డలని పిలిచే వాగులు కొండల మీది వాన నీటిని నగరం మీదుగా సముద్రంలోకి చేరుస్తాయి. గెడ్డలో పడిన ప్లాస్టిక్ సంచి ఒక్క గట్టి వానతో తీరానికి చేరుతుంది. ఏటా జనవరి మొదలు వేసవి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చేది కూడా ఈ తీరానికే.

నియమావళి

సర్వోన్నత న్యాయస్థానంలో 1996లో దాఖలైన అల్మిత్రా పటేల్ వ్యాజ్యం ఫలితంగా 2000 సంవత్సరంలో దేశవ్యాప్తంగా పురపాలక ఘనవ్యర్థాల నియమాలు వెలువడినాయి. అవి ప్రధానంగా పురపాలక సంస్థల విధులను నిర్దేశించాయి. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు చెత్తను ఉత్పత్తి చేసే పౌరుడినే బాధ్యుడిని చేశాయి. వాటి స్థానంలో కేంద్ర ప్రభుత్వం 2026 జనవరిలో కొత్త నియమాలను ప్రకటించి, 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా నిర్దేశించినది. కొత్త నియమాల ప్రకారం చెత్తను ఇంటివద్దనే నాలుగు భాగాలుగా వేరు చేయవలసి ఉన్నది. అవి తడి చెత్త, పొడి చెత్త, శానిటరీ వ్యర్థాలు, ప్రత్యేక జాగ్రత్త అవసరమైన వ్యర్థాలు.

అపార్ట్‌మెంట్ సంఘాలు ముఖ్యంగా గమనించవలసినది భారీ వ్యర్థ ఉత్పత్తిదారుల నిర్వచనం. భవనం అంతస్తుల విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు గాని, రోజువారీ నీటి వినియోగం 40,000 లీటర్లు గాని, రోజుకు వెలువడే చెత్త 100 కిలోలు గాని ఉన్నచో ఆ ప్రాంగణం ఈ కోవలోకి వస్తుంది. మూడింటిలో ఏ ఒక్కటి వర్తించినా చాలును. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున, నలుగురు సభ్యుల కుటుంబానికి 540 లీటర్లు అనుకుంటే, సుమారు 75 ఫ్లాట్ల భవనం నీటి లెక్కతోనే భారీ ఉత్పత్తిదారు అవుతుంది. ఇంటికి రోజుకు కిలోన్నర నుంచి రెండు కిలోల చెత్త అనుకుంటే, యాభై అరవై ఫ్లాట్లు దాటగానే 100 కిలోల పరిమితి చేరువవుతుంది. తమది చిన్న భవనమేనని భావించే సంఘాలు ఒకసారి నీటి లెక్క, ఒక వారం పాటు చెత్త తూకం చూసుకొనుట మంచిది.

ఈ కోవలోకి వచ్చే ప్రాంగణాలు కేంద్రీకృత పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. తడి చెత్తను సాధ్యమైనంత వరకు ప్రాంగణంలోనే శుద్ధి చేయాలి. అది వీలుకాని పక్షంలో నిర్దేశిత ధ్రువపత్రం పొందవలసి ఉన్నది. నమోదు లేకుండా కొనసాగినా, తప్పుడు వివరాలు సమర్పించినా పర్యావరణ పరిహారం చెల్లించవలసి వస్తుంది.

విభజన ఎవరి పని?

పలు భవనాలలో విభజన జరుగుతున్న మాట నిజమే గాని, అది జరుగుతున్నది వంటింట్లో కాదు, సెల్లార్‌లో. నివాసులు ఒకే సంచిలో కట్టి తలుపు బయట పెట్టిన చెత్తను వాచ్‌మన్ కుటుంబమో, పారిశుద్ధ్య కార్మికులో చేతులతో విప్పి ఏరుతున్నారు. పగిలిన గాజు ముక్కలు, ఇన్సులిన్ సూదులు, వాడిన డైపర్లు ఆ సంచిలోనే ఉంటాయి. నెల తిరిగేసరికి సంఘానికి నిర్వహణ రుసుము చెల్లిస్తున్నాము గనుక ఈ పని వారిదేనన్న వాదన నియమాల ముందు నిలువదు. విభజన బాధ్యత చెత్తను ఉత్పత్తి చేసినవారిదే.

కలిసిపోయిన చెత్తను తిరిగి వేరు చేసినా ప్రయోజనం స్వల్పమే. సాంబారు తడిసిన దినపత్రికను పాత కాగితాలు కొనేవారు తీసుకొనరు. గాజు పెంకులు కలిసిన తడి చెత్త ఎరువుకు పనికిరాదు. నగరం చెత్త చేరే కాపులుప్పాడలో 2022లో 15 మెగావాట్ల సామర్థ్యంతో చెత్త నుంచి విద్యుత్తును ఉత్పత్తి చేసే కేంద్రం ప్రారంభమైనది. తడి అధికంగా ఉన్న చెత్త సరిగా మండదు. దాని వేడిలో కొంత భాగం నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది.

తడి చెత్త, కంపోస్టు

మన ఇళ్ల చెత్తలో సగానికి పైగా తడి చెత్తే. దానిని ప్రాంగణంలోనే ఎరువుగా మార్చగలిగితే బయటకు పంపవలసిన భారం సగానికి తగ్గుతుంది. అయితే తీర ప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ. లోతట్టు పట్టణాలలో చక్కగా నడిచే కంపోస్టు తొట్టి ఇక్కడ బురదగా మారి దుర్వాసన వేయడం, పై అంతస్తుల నివాసులు అభ్యంతరం చెప్పడం, మూడవ నెలలో తొట్టి మూలపడటం పరిపాటి. లోపం యంత్రానిది కాదు. ఎండు పదార్థం చాలకపోవడం. చెత్తలో తేమ 50 నుంచి 60 శాతం మధ్య ఉండాలి. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం దానికంటే ఎక్కువ తడిగా ఉంటాయి గనుక, ప్రతి పొరపైనా ఎండుటాకులు, రంపపు పొట్టు లేదా కొబ్బరి పొట్టు చల్లవలెను. వారానికొకసారి తిరగవేస్తే గాలి ఆడి వాసన తగ్గుతుంది. తోటలో ఊడ్చిన ఆకులను బయటకు పంపకుండా నిల్వ చేసుకొనే సంఘానికి ఈ పదార్థం ఉచితంగానే లభిస్తుంది. వాటిని తగులబెట్టరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

తీర నగరంలో చేపలు, రొయ్యల వంటకాలు నిత్యకృత్యం. వాటి వ్యర్థాలను రాత్రంతా తలుపు బయట ఉంచితే కాకులు, కుక్కలు సంచులను చీల్చివేస్తాయి. వాటిని మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉంచి ఏ రోజుకారోజు అప్పగించాలి. కంపోస్టులో వేసేటట్లయితే తొట్టి నడుమ లోతుగా పూడ్చాలి. కొబ్బరి బోండాలు మరొక సమస్య. అవి ముక్కలు చేయనిదే త్వరగా కుళ్లవు; వాన నీరు నిలిస్తే వాటిలో దోమలు పెరుగుతాయి.

పొడి చెత్త, తదితరాలు

కాగితం, అట్టపెట్టెలు, ప్లాస్టిక్, లోహం, గాజు పొడి చెత్త కిందకు వస్తాయి. తేమ పీల్చిన అట్టకు ధర పలుకదు గనుక వీటిని నేలపై గాక, ఎత్తయిన అరల మీద, కప్పు ఉన్న గదిలో నిల్వ చేయాలి. ఉప్పుగాలికి ఇనుప డబ్బాలు త్వరగా తుప్పు పట్టి అడుగు ఊడిపోతాయి. తీరానికి దగ్గరగా ఉన్న భవనాలకు మూత గల గట్టి ప్లాస్టిక్ డబ్బాలే అనుకూలం. దేశమంతటా 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు నిషేధింపబడినాయి. భవనాల టెర్రస్‌పై జరిగే విందులకు సైతం ఈ నిషేధం వర్తిస్తుంది.

వాడిన డైపర్లు, శానిటరీ న్యాప్‌కిన్లను కాగితంలో చుట్టి విడిగా అప్పగించాలి. కాలం చెల్లిన మందులు, బల్బులు, పాదరసపు థర్మామీటర్లు, రంగు డబ్బాలు ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి. సూదులను గట్టి సీసాలో వేసి మూత బిగించి ఇవ్వాలి. సెల్‌ఫోను బ్యాటరీలను ఏ డబ్బాలోనూ వేయరాదు. చెత్త వాహనంలో నలిగినప్పుడు వాటి నుంచి మంటలు చెలరేగే ప్రమాదం ఉన్నది. పాత కంప్యూటర్లు, టెలివిజన్లు నమోదిత రీసైక్లింగ్ సంస్థలకు చేరవలసినవి.

సంఘాల పాత్ర

రాష్ట్రంలో 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం యజమానుల సంఘాలకు ఆధారంగా ఉన్నది. ఉమ్మడి స్థలాల నిర్వహణ సంఘానిది గనుక డబ్బాలు, నిల్వ గది, కంపోస్టు తొట్టి ఏర్పాటు దానిదే. అద్దెకు వచ్చే కుటుంబాలకు ఫ్లాటు తాళాలతో పాటు విభజన పద్ధతిని కూడా తెలియజేసే సంఘాలలో ఫిర్యాదులు తక్కువ. సెలవు రోజులలో మాత్రమే వచ్చిపోయే యజమానుల ఫ్లాట్లు, రోజువారీ అద్దెకు ఇచ్చే ఫ్లాట్లు ఈ విషయంలో క్లిష్టమైనవి. వాటి బాధ్యత ఎవరిదో సంఘం ముందుగానే రాతపూర్వకంగా నిర్ణయించుకొనవలెను. ఇంటింటి చెత్త సేకరణపై 2021లో విధించి, చెత్త పన్నుగా పేరుపడిన వినియోగ రుసుమును ప్రభుత్వం 2024లో రద్దు చేసినది. రద్దయినది రుసుమే గాని విభజన బాధ్యత కాదు.

ఫ్లాట్లలో మరమ్మతుల వల్ల వచ్చే ఇటుక ముక్కలు, టైల్స్ వ్యర్థాలను రోజువారీ చెత్త వాహనంలో వేయరాదు. గెడ్డల ఒడ్డున కుమ్మరించుట అంతకంటే తీవ్రమైన ఉల్లంఘన. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటినపుడు గాలికి కొట్టుకొచ్చిన రేకులు, చెక్కల వల్ల కలిగిన నష్టం నగరవాసులు ఎరిగినదే. అందువలన ఏటా అక్టోబరుకు ముందే టెర్రస్‌లపై పేరుకున్న పాత సామానును తొలగించి, చెత్త డబ్బాలను గొలుసుతో గోడకు బిగించుట తీర ప్రాంత భవనాలకు అవసరం. తుపాను హెచ్చరిక వెలువడిన పిదప చెత్త వాహనాల రాకకు అంతరాయం కలుగవచ్చును గనుక, రెండు మూడు రోజుల చెత్తకు సరిపడే మూత డబ్బాలను సంఘాలు అదనంగా సిద్ధపరచుకొనవలసి ఉన్నది.